పాత బంగారు నాణెముల వెల: పల్నాటి సీమ చెప్పు సాక్ష్యము

బంగారమునకు వెల కట్టుట మనకు క్రొత్త విద్య కాదు. గీటురాయిపై గీసి వన్నె చూచి, త్రాసులో వేసి యెత్తు చూచి, నాటి ధరతో హెచ్చవేసినచో వెల తేలును. అక్షరము రాని ముదుసలి సైతము ఈ లెక్కను తడుముకొనక చెప్పగలదు. అయినను ఈ లెక్కకు లొంగని బంగారము ఒకటి కలదు. అది పాత నాణెము. ఒకే యెత్తు, ఒకే వన్నె గల రెండు బంగారు బిళ్ళలలో ఒకటి కంసాలి చెప్పిన ధరకే పోవుచుండగా, రెండవది అంతకు ఎన్నో రెట్లు పలుకుటయు, ఒక్కొక్కప్పుడు వెల కట్టరానిదై ప్రదర్శనశాలలోని అద్దపు పెట్టెను చేరుటయు లోకమున చూచుచున్నాము. ఈ హెచ్చు వెల ఎక్కడనుండి వచ్చినది? లోహములో లేనిది నాణెములో ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. వినుకొండ, నాగార్జునకొండ అను రెండు పేర్లు చాలును.

1889వ సంవత్సరమున వినుకొండలో 15 రోమను బంగారు నాణెములు బయల్పడినవి. అప్పటికి గుంటూరు జిల్లా యేర్పడలేదు. వినుకొండ తాలూకా కృష్ణా జిల్లాలో నుండెను. 1904లో గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యస్థానముగా పల్నాడు జిల్లా ఏర్పడినవి. కావున ఆ నాణెముల కథ నేడు మన జిల్లా కథయే. వానిలో తొలిది టైబీరియస్ చక్రవర్తిది, ఆయన క్రీ.శ. 14 మొదలు 37 వరకు రోమును ఏలినవాడు. కడపటిది 217లో మరణించిన కారకల్లాది. ఏసుక్రీస్తు కాలమునాటి చక్రవర్తి మొదలు సుమారు రెండువందల యేండ్ల రోమను చరిత్ర వినుకొండ మన్నులో ఒక్కచోట పోగుపడి యుండెనన్నమాట.

ముందుగా ఆ నిధిని తూకపు లెక్కతోనే చూతము. ఆ కాలపు రోమను బంగారు నాణెమునకు ‘ఆరియస్’ అని పేరు. టైబీరియస్ కాలమున దాని యెత్తు సుమారు 7.8 గ్రాములు. 64వ సంవత్సరమున నీరో చక్రవర్తి ఆ యెత్తును సుమారు 7.3 గ్రాములకు తగ్గించెను. కారకల్లా కడపటి దినములలో అది సుమారు 6.5 గ్రాములకు దిగెను. మనము నేడు ‘కాసు’ అని వ్యవహరించు 8 గ్రాముల యెత్తు ఆంగ్లేయుల సవరను తూకమునుండి వచ్చినది. అనగా ఒక ఆరియస్ ఇంచుమించు ఒక కాసునకు సమీపమున నుండును. పైగా సవరనులో పండ్రెండవ వంతు ఇతర లోహము కలదు. తొలినాటి ఆరియస్ దాదాపు మేలిమి బంగారమే. ఈ లెక్కన వినుకొండ నిధి మొత్తము పదునాలుగు కాసులకు మించదు. నేడు కలిగినవారి యింటి పెండ్లికూతురు మెడలోని నగలకు అది సరిపోవును. మూసలో వేసి కరగించినచో ఒక నాటి పని.

ఇక త్రాసు చెప్పని లెక్కను చూతము. నిధి యెప్పుడు భూమిలో చేరినదో తెలిసికొనుటకు చరిత్రకారులకు ఒక సులభ సూత్రము కలదు. అందులోని కడపటి నాణెమునకు ముందు ఆ నిధి పాతిపెట్టబడి యుండజాలదు. వినుకొండ నిధిలో కారకల్లా నాణెమున్నది గనుక, అది రెండవ శతాబ్ది చివరి యేండ్లకు ముందు దాచినది కాదు. శాతవాహనులు అస్తమించి, విజయపురిలో ఇక్ష్వాకులు తలయెత్తిన సంధికాలమునకుగాని, అటు తరువాతి కాలమునకుగాని అది చెందవలెను. ఈ ఒక్క మాట ఏ ఒంటి నాణెమును చెప్పినది కాదు. పదునైదును కలిసి చెప్పినవి. కారకల్లా నాణెమును ఎవరేని ముందుగా తీసి కరగించియుండిన యెడల తక్కినవి మనకు మరియొక కాలమును చూపియుండెడివి. పదునాలుగు నాణెములు చెడక నిలిచినను, పోయిన ఒక్క నాణెముతో నిధి వయస్సు మారిపోయెడిది. లోహములో పదునైదవ వంతు నష్టము. చరిత్రలో దానికంటె మిక్కిలి పెద్ద నష్టము.

ఇప్పుడు మాచర్ల వైపునకు రండు. 1926లో సూరపరాజు వెంకటరామయ్యగారను స్థానికోపాధ్యాయుడు నాగార్జునకొండ లోయలో ఒక పురాతన స్తంభమును గుర్తించి ప్రభుత్వమునకు తెలియజేసిరి. ఆ పిమ్మట లాంగ్‌హర్స్టు 1927 మొదలు 1931 వరకు, టి. ఎన్. రామచంద్రన్ 1938లో, ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వరకు అచ్చట త్రవ్వకములు జరిపిరి. మూడు నాలుగు శతాబ్దులనాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, దాని మహాచైత్యము, విహారములు, స్నానఘట్టములు వెలుగు చూచినవి. ఆ చోటనే రోమను బంగారు నాణెములును లభించినవి. వానిలో ఒకటి టైబీరియస్‌ది. మరియొకటి పెద్ద ఫౌస్టీనా రాణిది. ఈమె ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి భార్య. ఆమె గతించిన పిమ్మట భర్త ఆమెను దేవతగా ప్రకటించి, ఆమె ముఖబింబముతో నాణెములను విస్తారముగా ముద్రింపించెను. అట్లు రోమునగరమున ముద్రితమైన ఒక రాణి ముఖము సముద్రములు దాటి కృష్ణాతీరమునకు చేరినది.

అదే లోయలో నాణెమునకు తోడుగా రాతి సాక్ష్యమును కలదు. మహాచైత్యపు ఆయక స్తంభములలో ఒకదానిపై ఉజ్జయినీ మహారాజు కుమార్తెయగు మహాదేవి రుద్రధరభట్టారిక చేసిన దానము చెక్కబడి యున్నది. ఆమె ఆ స్తంభమును నెలకొల్పి 170 ‘దీనారి మాషకములను’ ఇచ్చినట్లు అందు కలదు. ఈ దీనారమను మాట మన దేశములో పుట్టినది కాదు. రోమనుల ‘డెనారియస్’ అను నాణెపు పేరే గ్రీకుల నోట పడి, సంస్కృత ప్రాకృతములలో దీనారమైనది. రోమునందు అది వెండి నాణెము. మన దేశమున ఆ పేరు బంగారు నాణెమునకు చెల్లినది. కొన్ని శతాబ్దముల పిమ్మట ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథ కవిసార్వభౌమునకు జరిగిన కనకాభిషేకమును చెప్పునప్పుడును ఈ దీనార శబ్దమే వినబడుచున్నది. ఆ శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రమును రచించినవాడను సంగతి మన సీమవారు మరువరు.

శాసనము ఒక్కటే దొరకియుండినచో దీనారమను మాట మాటగానే నిలిచియుండెడిది. నాణెము ఒక్కటే దొరకియుండినచో ఎవరో బాటసారి జారవిడిచినదని త్రోసివేయుటకు వీలుండెడిది. రెండును ఒకే లోయలో దొరకుటచేత ఒకదానికొకటి సాక్ష్యము పలికినవి. పరదేశపు బంగారము ఈ లోయను చేరినది. పరదేశపు నాణెపు పేరు ఇచ్చటి దానశాసనమున కెక్కినది. బంగారమునకు తావి యబ్బుట అనగా ఇదియే. త్రాసులో తూగనిది ఆ తావి.

వెల హెచ్చుటకు రెండవ కారణము అరుదుదనము. రోమను పండితుడు ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతమున వ్రాయుచు, భారతము, చీనా, అరేబియాలు ఏటేట పదికోట్ల సెస్టర్సులను తమ సామ్రాజ్యమునుండి లాగుకొనుచున్నవని వాపోయెను. ఒక ఆరియస్ నూరు సెస్టర్సులకు సమానము. అనగా అది పదిలక్షల బంగారు నాణెముల పాటి సొమ్ము. ఆ లెక్కలో కొంత అతిశయోక్తి ఉన్నదనుకొన్నను, వచ్చిన బంగారము కొద్దిపాటిది కాదు. మిరియములు, రత్నములు, సన్నని వస్త్రములు ఓడలపై పోగా, బదులుగా ఆ సొమ్ము వచ్చినది. అదే శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన గ్రంథము మన కృష్ణాముఖద్వారపు తీరమును ‘మసాలియా’ అని పేర్కొని, అచ్చటి వస్త్రములను ప్రశంసించినది. మరి అంత బంగారమును ఏమైనది? నగలైనది, దేవతలకు ఆభరణములైనది, తరువాతి రాజుల నాణెములైనది. బంగారము నశించునది కాదు, రూపము మార్చుకొనునది. నేడు మన యిండ్లలోని ఏ గొలుసులో ఏ చక్రవర్తి ముఖము కరగియున్నదో ఎవరు చెప్పగలరు? కోట్లలో కొన్ని మాత్రమే కరగక మిగిలినవి గనుకనే ఆ కొన్నింటికి అంత వెల.

ఈ సూత్రమునకు మన కాలపు దృష్టాంతము అమెరికాలో కలదు. 1933లో అచ్చట 20 డాలర్ల బంగారు నాణెములు 4,45,500 ముద్రింపబడినవి. ఆ సంవత్సరమే రూజ్‌వెల్టు ప్రభుత్వము బంగారు నాణెముల చెలామణిని నిలిపివేసినందున, అవి ప్రజల చేతికి విడుదల కాక, కొలదిగా తప్ప అన్నియు కరగింపబడినవి. మిగిలినవానిలో చట్టసమ్మతముగా వ్యక్తి సొత్తై యున్న ఒకే నాణెము 2021 జూనులో న్యూయార్కు వేలమునందు సుమారు 1 కోటి 89 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. అందలి బంగారపు వెల ఆనాటి ధర ప్రకారము రెండువేల డాలర్లకు లోపే. అంతకు ముందటి సంవత్సరములలో ముద్రితమైన అదే జాతి నాణెములు పెక్కింటికి బంగారపు ధర కంటె కొంచెమే హెచ్చు వచ్చును. లోహమొకటే, ముద్ర యొకటే. భేదమంతయు మిగిలిన లెక్కలో నున్నది.

మూడవ కారణము దొరకిన చోటు. దీనిని మనవారు తగినంతగా గుర్తించలేదు. తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుని సంగతి చూడుడు. నన్నయభట్టారకుని చేత భారతాంధ్రీకరణమునకు పూనిక చేయించిన రాజితడే. వెడల్పుగా, రేకువలె పలుచగా నుండు ఆయన బంగారు నాణెములపై నడుమ వరాహలాంఛనము, చుట్టును ఆయన పేరు, రాజ్యవర్షసంఖ్య విడివిడి ముద్రలుగా కొట్టబడి యుండును. ఆ నాణెము గోదావరి తీరమున దొరకినచో ఆశ్చర్యము లేదు. రాజధాని సమీపమున రాజు నాణెము దొరకుట సహజము. కాని ఆయనవియు, ఆయన పెదతండ్రి శక్తివర్మవియు నగు నాణెములు బంగాళాఖాతమున కావలియొడ్డున, బర్మాకు చెందిన ఆరకాను తీరపు చెదూబా దీవిలో దొరకినవి. ఆ ఒక్క సంగతితో నాణెము ఓడయెక్కినది. వేంగీ తీరమునకును తూర్పు దేశములకును గల రాకపోకలకు సాక్షియైనది. ఆ నాణెమునే ఎవరేని తెచ్చి ఊరు పేరు చెప్పక అంగడిలో అమ్మియుండినచో ఆ సాక్ష్యము నోరు మూతపడెడిది.

నాణెముపై మనుష్యులు చేసిన గాయములును మాటలాడును. తమిళదేశమున పుదుక్కోట ప్రాంతమున 1898లో 501 రోమను బంగారు నాణెముల గొప్ప నిధి దొరకినది. వానిలో పెక్కింటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలితో కొట్టిన గాటు కలదు. ఇక చెలామణికి చెల్లదని తెలుపుటకే అట్లు చేసిరని పెక్కుమంది పండితుల అభిప్రాయము. దక్షిణదేశమున దొరకిన మరికొన్ని రోమను నాణెములకు త్రాడు గ్రుచ్చుటకు బెజ్జములు కలవు. మన కాసులపేరు వలెనే ఆనాటి స్త్రీలును వానిని మెడలో ధరించిరని ఊహింపవచ్చును. నాణెమును సేకరించువాడు గాటును, బెజ్జమును చూచి వెల తగ్గించును. చరిత్రకారుడు ఆ గాటును, బెజ్జమును చూచియే సంతోషించును. వెల యనునది చూచువాని కంటిని బట్టియు ఉండునని దీనివలన తెలియుచున్నది.

ఇంతమాత్రమున పాతదెల్ల విలువైనదని భ్రమపడరాదు. విక్టోరియా రాణి, అయిదవ జార్జి బొమ్మలు గల సవరనులు కోట్లకొలదిగా ముద్రింపబడినవి గనుక, సామాన్యముగా వానికి బంగారపు ధర కంటె కొంచెమే హెచ్చు వచ్చును. శ్రీరామ పట్టాభిషేకము ముద్రించిన రామటంకములు పూజామందిరములలో కానవచ్చుచుండును; అవి చాలవరకు చెలామణికొరకు కాక భక్తికొరకు చేసినవి, పెక్కు ఇటీవలివి. కుటుంబమునకు అవి పూజ్యములే; కాని వయస్సు చూడక వానికి పురాతన నాణెపు వెల కోరుట తగదు. ఇక నకిలీలు సరేసరి. మరొకవైపు, లోహముగా దమ్మిడీ చేయనివి చరిత్రలో వరహా చేయుటయు కలదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల సీసపు నాణెములు దొరకినవి. వానిపై ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నము కానవచ్చును. తూకమునకు అమ్మినచో నేడు అవి గుప్పెడు శనగలు కూడ తేవు. కాని మన సీమలో రాజ్యమేలిన వంశము తన ప్రజలకు ఏ నాణెమును చెలామణి చేసినదో చెప్పునవి ఆ సీసపు బిళ్ళలే. వెల బంగారములో లేదు, సాక్ష్యములో నున్నదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి యేల?

ఈ విషయము కేవలము పండితచర్చ కాదు. మన పొలములలో నాగలి కర్రుకు, ఇంటి పునాదులకు, చెరువుమట్టి త్రవ్వకమునకు పాత సొమ్ము తగులుట అరుదైనను అసంభవము కాదు. దొరకినవాని మనస్సులో మొదట పుట్టునది సంతోషము; రెండవది భయము. ప్రభుత్వము ఊరక లాగుకొనునని, పోలీసులు వత్తురని, పాలివారు పంచుమందురని ఆతడు వడకును. రాత్రికి రాత్రి సొమ్ము పొరుగూరి మూసలో పడును. కావున చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట అవసరము.

ఇది 1878 నాటి నిధినిక్షేపముల చట్టము. పది రూపాయల విలువకు మించిన నిధి దొరకినవాడు, ఏమి దొరకినది, ఎంత దొరకినది, ఎచ్చట ఎప్పుడు దొరకినదను వివరములతో జిల్లా కలెక్టరుకు వ్రాతమూలముగా తెలుపవలెను. విచారణ జరిగి, ఆ నిధికి స్వంతదారు లేడని తేలి, భూయజమాని తన హక్కును చెప్పుకొన్నచో, వారిలో వేరొడంబడిక లేనియెడల దొరకినవానికి ముప్పాతిక, భూయజమానికి పాతిక చెందును. ప్రభుత్వము దానిని తానే తీసికొనదలచినచో లోహపు విలువను, దానిపై అయిదవ వంతును కలిపి చెల్లింపవలెను. తెలుపక దాచినవానికి ఒక సంవత్సరము వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు; వ్యక్తులు దానిని విదేశములకు పంపరాదు.

ఈ అయిదవ వంతు అను మాటను పాఠకులు ఒక్కసారి నిలిచి చూడవలెను. నాణెమునకు లోహమునకు మించిన వెల కలదని నూటనలుబది యేండ్లకు పూర్వమే శాసనకర్తలు ఒప్పుకొనిరి. ఆ హెచ్చు చాలదని, అరుదైన నాణెమునకు అది న్యాయమైన ప్రతిఫలము కాదని ఎవరేని వాదించినచో ఆ వాదమున బలము లేకపోలేదు. కాని చీకటి బేరము సంగతి ఏమి? రహస్యముగా కొనువాడు దొరకినవాని భయమును తూచును; మాడ్చివేతకింత, తరుగుకింత, నోరు మూసికొనినందుకింత అని లోహపు వెలలోనే కోత కోయును. చట్టము తూకముపై కూర్చును. దొంగబేరము తూకమునుండి తీసివేయును. ధర్మము మాట అటుంచి, లాభనష్టముల లెక్కలో చూచినను తెలిపినవాడే తెలివిగలవాడు.

లంకెబిందెల పిచ్చిలో పడి శిథిలాలయములను, పాత మంటపములను రాత్రివేళ త్రవ్వువారి మాట వేరు. వారు లేని బంగారమునకై ఉన్న చరిత్రను పాడుచేయుచున్నారు. విగ్రహపీఠము కదలినచో తిరిగి పెట్టవచ్చును. కాని దానిక్రింది మన్ను పొరలు చెదరినచో అవి చెప్పవలసిన సాక్ష్యము మరల రాదు.

దైవికముగా ఎవరి చేతికైనను పాత నాణెము దొరకినచో చేయవలసినది స్వల్పము, చేయరానిది ముఖ్యము. చింతపండుతోగాని, ఆమ్లముతోగాని, బూడిదతోగాని తోమరాదు. తళతళ కోరి తోమినచో ముద్రలోని సన్నని గీతలు అరిగిపోవును. బెజ్జము వేయరాదు, కొక్కెము అతికింపరాదు. నాణెములను ఒకటి రెండుగా పంచుకొనరాదు; వినుకొండ నిధి నేర్పిన పాఠమదియే. కుండ దొరకినచో పెంకులను సైతము పారవేయరాదు. దొరకిన పొలము పేరు, ఎంత లోతున దొరకినది, ఏ తేదీ అనునవి అప్పుడే వ్రాసి ఉంచవలెను. పిమ్మట తహసిల్దారు ద్వారా కలెక్టరుకు తెలుపవలెను.

నాగార్జునకొండ లోయ నేడు నీటి అడుగున ఉన్నది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలబడినది. మన మాగాణులు పచ్చబడినవి. విజయపురి జలాశయములో మునిగినది. మునుగుటకు ముందు త్రవ్వి, కొలిచి, వ్రాసి, కొండపై ప్రదర్శనశాలలో చేర్చినది మాత్రమే మనకు మిగిలినది. 1926లో ఆ ఉపాధ్యాయుడు తాను చూచిన స్తంభమును గూర్చి ఊరకుండియుండినచో, ఆ పని ఎప్పుడు మొదలయ్యెడిదో, నీరు వచ్చువరకు ఎంత పూర్తియయ్యెడిదో ఆలోచింపుడు. తాను చూచినదానిని తెలియజేయుట చిన్న పని. ఒక రాజధాని చరిత్రకు ఆ చిన్న పనియే ఆధారమైనది.

ఇరువదియైదేండ్లు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయమునకు ఒక మనవి. గ్రంథమును కాగితపు తూకమునకు అమ్మరాదని గ్రామమునకు నేర్పినది గ్రంథాలయమే. నాణెమును లోహపు తూకమునకు అమ్మరాదని నేర్పవలసినదియు అదియే. ఇచ్చట ఒక దినచర్య పుస్తకమును తెరచి, మన ఊరి పొలిమేరలో కనబడిన పాత నాణెములు, శాసనములు, విగ్రహములు, పాటిదిబ్బలు ఎచ్చటనున్నవో, ఎవరు ఏనాడు చూచిరో వ్రాసి ఉంచుడు. చట్ట ప్రకారము ప్రభుత్వమునకు తెలుపుటకు జంకువారికి అర్జీ వ్రాసిపెట్టి తోడుపడుడు. ఆ పుస్తకమునకు అగు ఖర్చు కొద్ది రూపాయలు. దానివలన మూసలో పడకుండ నిలుచు నాణెము ఒక్కటియైనను, అది మన సీమ నోటినుండి ఇంకను రావలసిన మాటయగును.